అమ్మడికి పెద్దమ్మ రాసేది: కోళ్లూ కుక్కా సరే, ఎలకల సంగతి విను

అమ్మడూ,

మీ అమ్మ ఫోన్లో చెప్పింది, విజయవాడ సింగ్ నగర్‌లో పెరడున్న ఇల్లు తీసుకున్నారటగా, కూరగాయలేస్తావట, నాటుకోళ్లట, పైగా కుక్కపిల్లట. మూడో ఫ్లోర్‌లో పుట్టి పెరిగినదానివి, నువ్వు మట్టి పిసకడమేంటే అని ముందు నవ్వొచ్చింది, తర్వాత మా అత్తగారి పెరడు గుర్తొచ్చి కళ్లలో నీళ్లొచ్చాయి, ఆ తర్వాత ఇక నిద్రపడితే ఒట్టు.

సింగ్ నగర్ అనగానే నాకు బుడమేరే. 2024 సెప్టెంబర్ మర్చిపోయావా? మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేటికి పోయే వాగు అది, వెలగలేరు దగ్గర కృష్ణలోకి మళ్లిస్తారు గానీ ఆ రోజు ప్రకాశం బ్యారేజి దగ్గర కృష్ణే 11 లక్షల క్యూసెక్కులు దాటి పోతుంటే దీని నీళ్లెవరికి కావాలి? గట్లు తెగి ఇళ్ల మీద పడింది. అందుకని కోళ్లగూడు మేడ మీదే పెట్టు, మెట్ల కింద కూడా వద్దు. కుక్కని గొలుసేసి ఊరెళ్లావంటే మాత్రం నాతో మాట్లాడకు. కట్టేసినదానికి ఈదే దారి కూడా ఉండదు.

మిగతావి నీకు తెలిసినవే. మట్టిలో పశువులెరువు బాగా కలుపు, మే నెలలో గ్రీన్ నెట్ కట్టు, కుక్కకి మూడో నెల్లో రేబిస్ టీకా వేయించు. మునగ గోడవారన పెట్టకు, గొంగళిపురుగులు పక్కింటి దండెం మీదకి పాకితే మాటలు పడేది నువ్వే.

అసలు ఈ ఉత్తరం ఎలకల గురించి. కోళ్లున్న చోటికి దాణా కోసం ఎలకలొస్తాయి, ఎలకల కోసం పాములొస్తాయి, నువ్వు కెవ్వుమంటావు. నేనూ అరిచాను.

సత్యనారాయణపురంలో మా ఇల్లు నువ్వు చూళ్లేదు. ఇప్పుడు బీఆర్‌టీఎస్ రోడ్డున్న చోట అప్పట్లో రైలు పట్టాలుండేవి, మా పెరటి గోడకి అవతలే, గోడ పొడుగునా పందికొక్కుల బొక్కలు. పెరట్లో ఓ జెర్రిపోతు తిరిగేది, నాకంటే పొడుగు, ఇంతింత కళ్లు. మా మావగారు దాన్ని వాచ్‌మన్ అనేవారు. జెర్రిపోతూ తాచూ జతకడతాయని జనం అంటారు చూడు, అదంతా ఉత్తదే, పెనవేసుకునేవి రెండు మగ జెర్రిపోతులు, కొట్టుకుంటాయంతే అని కూడా ఆయనే చెప్పారు. నేను కొత్త కాపురానికొచ్చినదాన్ని, ఎక్కడ వింటాను. ఓ మధ్యాహ్నం ఆయన లేనప్పుడు అది బట్టలుతికే బండ మీద నుంచి జారుతూ కనపడింది. నా అరుపుకి వీధిలో మగవాళ్లంతా వచ్చారు. కర్ర ఎవరిదగ్గరా లేదు, దండెం కర్ర పీకి ఇచ్చింది నేనే.

సాయంత్రం మావగారొచ్చి ఒక్క మాట అన్లేదు. కర్ర కడిగి మళ్లీ దండేనికే పెట్టారు. బట్టలారేసినప్పుడల్లా నా చేతికి తగిలేది.

నెల తిరక్కుండా పందికొక్కులు లోపలికొచ్చేశాయి. చామదుంపలు తవ్వేశాయి, అరటి పిలకల మొదళ్లు కొరికేశాయి. అప్పుడైనా నోరుమూసుకుని ఉండాల్సింది కదా, లేదు, నా తెలివి నాది, బజార్లో ఎలకల మందు కొనుక్కొచ్చి బొక్కల దగ్గర పెట్టాను. ఆ మందు వెంటనే చంపదే, అదీ దాని పాపం. తిన్నది లోపల రక్తం గడ్డకట్టక మూడు నాలుగు రోజులు మత్తుగా తిరుగుతుంది, ఎవరికైనా ఇట్టే దొరుకుతుంది. మా బూడిదరంగు పిల్లికి దొరికింది. తులసికోట పక్కన పడుకుంది, పాలు పెడితే ముట్టుకోలేదు, ముక్కు దగ్గర ఎర్రగా చుక్క. వంటింటి అటక మీద దాని పిల్లలు మూడు, ఇంకా కళ్లు తెరవలేదు. ఇంకు ఫిల్లరుతో పాలు పోశాను, రాత్రుళ్లు కూడా లేచి. ఒక్కటే బతికింది.

కాబట్టి నీ ఇంట్లోకి ఆ మందు రాకూడదు. ఎవరో చవగ్గా ఇచ్చారు, కుక్కకి అందనంత ఎత్తులో పెట్టాను, ఇవేం వినను. దాణా మూతున్న స్టీలు డబ్బాలో ఉండాలి, గూడుకి అర అంగుళం మెష్ కొట్టించు, కోళ్ల మెష్ అని అమ్మే పెద్ద కన్నాలది కాదు. పాము కనపడితే కుక్కని లోపలేసి తలుపేసుకో, పాములు పట్టేవాళ్లని పిలువు. తాచో జెర్రిపోతో దగ్గరికెళ్లి చూడక్కర్లేదు, పడగ ఎత్తలేదు కదా అని ధైర్యం చేయకు తల్లీ, నీకేమన్నా అయితే నేను తట్టుకోలేను.

ఇంకోటి, ఎండాకాలం రైవస్, ఏలూరు, బందరు కాలవలు కట్టేస్తారు కదా, పిట్టలకి నీళ్లుండవు. మట్టి మూకుడులో నీళ్లు పెట్టి రోజూ మార్చు, లేకపోతే దోమలు.

ఆదివారం వస్తున్నా. ఎలకల బోను నా దగ్గరుంది, స్ప్రింగు కొంచెం వదులైంది గానీ పనిచేస్తుంది. కొనకు.

పెద్దమ్మ