రీబూట్ చేస్తే కోర్ టెంపరేచర్ మాయం – సమాధానం

ఉబుంటు లాప్‌టాప్‌లో ప్రాసెసర్ కోర్ల వేడి ఒకసారి కనబడి, రీబూట్ చేస్తే పోతోందని అడిగారు కదా. సెన్సర్స్-డిటెక్ట్‌లో (సెన్సర్లని వెతికే కమాండ్) చివరి ప్రశ్నకి కూడా ఎంటర్ కొట్టీసి ఉంటారు, అందుకే మోడ్‌ప్రోబ్ కోర్‌టెంప్ (కోర్ వేడి చదివే మాడ్యూల్‌ని అప్పటికప్పుడు లోడ్ చేసే కమాండ్) అని కొడితే కనబడి, రీబూట్ అయ్యాక మళ్లీ ఏసీపీఐ లైన్ (సిస్టమ్ ఫర్మ్‌వేర్ చెప్పే వేడి) ఒక్కటే మిగుల్తోంది.

1. టెర్మినల్లో సుడో (అడ్మిన్ హక్కుతో నడపడానికి) సెన్సర్స్-డిటెక్ట్ మళ్లీ రన్ చెయ్యండి. మధ్యలో వచ్చేవాటికి ఎంటర్ చాలు.

2. ఆఖర్న ఈ లైన్లు ఈటీసీ మాడ్యూల్స్‌లో (బూట్ అయినప్పుడు ఏ మాడ్యూల్స్ లోడవ్వాలో రాసుండే ఫైల్) కలపమంటారా అని అడుగుతాది, అక్కడ మాత్రం ఆగండి. బ్రాకెట్లో నో అని పెద్దక్షరాల్లో ఉంటుంది, అంటే ఉత్త ఎంటర్ కొడితే వద్దన్నట్టే, అంతసేపు వెతికిందంతా గాలికి పోద్ది. యెస్ అని టైప్ చేసి అప్పుడు ఎంటర్. నేనూ రెండుసార్లు ఇలగే కొట్టీసి, సెన్సరే పోయిందేమో అనుకుని శ్రీకాకుళంలో షాపుకి కూడా పట్టుకెళ్లాను, నవ్వకండి.

3. రీబూట్ చేసి సెన్సర్స్ అని కొట్టండి. కోర్ 0, కోర్ 1 అని వస్తాయి. పక్కన క్రిట్ (క్రిటికల్) అని 100 డిగ్రీలు కనబడితే కంగారుపడకండి, అది లిమిట్, ఇప్పటి వేడి కాదు.

వాచ్ సెన్సర్స్ అని పెడితే 2 సెకన్లకోసారి మారుతూ ఉంటుంది, మీ విజయనగరం మధ్యాహ్నం ఎండలో ఓసారి చూడండి. ఫ్యాన్ స్పీడ్ రాకపోతే వదిలీండి, చాలా లాప్‌టాప్‌లు అది చూపించవు.