దవడ కీలు అతుక్కుపోతే ఆపరేషన్ చేయించాక మళ్లీ బిగుసుకుంటుందా? మా పాప అనుభవం

ఏడేళ్ల బాబుకి నోట్లో వేలు కూడా పట్టడం లేదని, సీటీ స్కాన్‌లో ఎడమ దవడ కీలు ఎముకతో అతుక్కుపోయినట్టు వచ్చిందని, కోయించినా మళ్లీ బిగుసుకుంటుందని చుట్టాలు అంటున్నారని రాశారు కదా. చేయించండి, ఆలస్యం చేయకండి. బిగుసుకోవడం మాత్రం నిజంగానే ఉంది, దాన్ని ఆపడం చాలావరకు మీ చేతుల్లో ఉంటుంది.

మాది మదనపల్లె, బెంగళూరులో మారతహళ్లిలో ఉంటాం. పాప నాలుగేళ్లప్పుడు మెట్ల మీద పడి గడ్డం చీలితే కుట్లు వేసి పంపేశారు, దవడకి ఎక్స్‌రే తీయలేదు, నాకూ తట్టలేదు. గడ్డానికి తగిలిన దెబ్బ చెవి ముందున్న కీలు దాకా పోయి అక్కడ ఎముక విరగొచ్చని, పట్టించుకోకపోతే కీలు ఎముకతో పూడుకుపోవచ్చని నాకు నాలుగేళ్ల తర్వాత తెలిసింది. అప్పటికి ఇడ్లీ చిదిమి, పళ్ల సందులోంచి వేలితో లోపలికి తోసేదాన్ని.

బాబుకి గురక ఉంటే, నిద్రలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేస్తుంటే ముందే చెప్పండి. దవడ ఎదగక గొంతు దారి ఇరుకవుతుంది, పైగా నోరు తెరుచుకోదు కాబట్టి మత్తుకి ట్యూబు ముక్కులోంచి కెమెరాతో చూస్తూ వేయాలి. అలాంటి కేసులు చేసిన అనస్థీషియా డాక్టరు ఉన్నారా అని మొహమాటం లేకుండా అడగండి.

మా పాపకి చెవి ముందు కోసి, అతుక్కున్న ఎముక తీసేసి, మళ్లీ రెండు ఎముకలూ కలవకుండా కణత దగ్గరి కండరం పొర మధ్యలో పెట్టారు. కొందరు పిల్లలకి పక్కటెముక ముక్క కూడా పెడతారు. టేబుల్ మీదే నోరు 35 మిల్లీమీటర్లు తెరుచుకుందన్నారు, మీరూ ఆ లెక్క అడిగి రాసుకోండి. రెండు నెలలు ఒక కనుబొమ్మ పైకి లేవలేదు, నరం కదిలిందట, తర్వాత అదే సర్దుకుంది.

అసలు కష్టం ఇంటికొచ్చాక. ఐస్‌క్రీం పుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి పళ్ల మధ్య పెట్టాలి, మెల్లగా ఇంకోటి దూర్చాలి, రోజుకి ఐదారు సార్లు. నొప్పి మాత్ర అరగంట ముందే వేసేదాన్ని, అయినా కళ్లమ్మట నీళ్లు కారుతుంటే పుల్లలు లెక్కపెట్టుకునేది, పదకొండు, పన్నెండు అని. మూడో నెల ఉగాదికి ఊరెళ్తే "పసిదాన్ని ఎందుకే ఏడిపిస్తావ్" అని మా అత్తయ్య అడ్డుపడ్డారు, నేనూ మెత్తబడ్డాను. ఐదు రోజులకే మూడు పుల్లలు తగ్గాయి, వాటిని తిరిగి తెచ్చుకోవడానికి రెండు వారాలు పట్టింది. ఏడాది దాకా ఒక్క రోజు కూడా మానకండి.

ఖర్చు భయమైతే ఇక్కడ విక్టోరియా ఆసుపత్రి దగ్గరున్న గవర్నమెంట్ డెంటల్ కాలేజీలో ఓరల్ సర్జరీ వాళ్లని కలవండి. గడ్డం ఎడమకి వంగి ఉంటే అది ఈ ఆపరేషన్‌తోనే సరికాకపోవచ్చు, దానికి తర్వాత ఇంకో ఆపరేషన్ అవసరం పడొచ్చు.