యూఎంఎల్‌లో కన్‌స్ట్రెయింట్లను ఓసీఎల్‌లోనే రాయాలా?

అక్కర్లేదు. యూఎంఎల్ అంటే సాఫ్ట్‌వేర్ డిజైన్‌ను బొమ్మలుగా గీసే భాష, ఓసీఎల్ అంటే అందులో షరతులను కచ్చితంగా రాసే భాష. కన్‌స్ట్రెయింట్ అంటే మోడల్ పాటించి తీరాల్సిన షరతు, దాన్ని కర్లీ బ్రాకెట్ల మధ్య మామూలు తెలుగులో రాసినా యూఎంఎల్ ఒప్పుకుంటుంది. ఓసీఎల్ ఒక వీలు మాత్రమే.

అసలు ఈ షరతులు ఎందుకంటే, క్లాస్ డయాగ్రమ్‌లోని (క్లాసులను, వాటి మధ్య సంబంధాలను చూపే బొమ్మ) డబ్బాలు, గీతలు ఏది దేనితో కలుస్తుందో, ఎన్నింటితో కలుస్తుందో చెప్తాయి. విలువల మధ్య సంబంధాన్ని గీతతో చూపలేం.

లైబ్రరీ మోడల్ తీసుకోండి. ఒక సభ్యుడి దగ్గర ఒకేసారి మూడు పుస్తకాలకు మించి ఉండకూడదంటే గీత చివర 0..3 అని మల్టిప్లిసిటీ (ఎన్ని ఉండొచ్చో చెప్పే సంఖ్య) వేస్తే చాలు. కానీ {గడువు తేదీ, తీసుకున్న తేదీకి తర్వాతే ఉండాలి} అన్నది షరతుగా రాయాల్సిందే. ఇక్కడే మామూలు భాషతో చిక్కు: అదే రోజు గడువైతే చెల్లుతుందా? ఓసీఎల్‌లో > పెట్టారా, >= పెట్టారా అన్నదాన్ని బట్టి అది తేలిపోతుంది. టూల్ చేత తనిఖీ చేయించాలన్నా ఓసీఎల్ లాంటి భాషే నయం.

చాలామంది కన్‌స్ట్రెయింట్‌ని నడిచే కోడ్ అనుకుంటారు. కాదు. అది దేన్నీ మార్చదు, దేన్నీ ఆపదు. షరతు తప్పితే ఎర్రర్ చూపించాలా, ఎంట్రీని తిప్పికొట్టాలా అన్నది ప్రోగ్రామర్ విడిగా రాసుకోవాలి.