చుట్టంలా వచ్చి, చుట్టంలా వెళ్తున్నాను

ఈసారి ఉత్తరాలన్నీ ఒకే సంగతి మీద ఉన్నాయి. పని కోసం ఊళ్లు తిరిగేవాళ్లు కొందరు, ఇంట్లో వాళ్ల కోసం ఎదురుచూసేవాళ్లు కొందరు. మూడింటికి జవాబిస్తున్నాను. మొదటిది కాస్త పొడుగైంది, ఏమనుకోకండి.

ప్రశ్న: మాది విజయనగరం. ప్యాకింగ్ మిషన్లు రిపేరు చేసే సర్వీస్ ఇంజనీర్ని. రాయగడ, టిట్లాగఢ్, రాయ్‌పూర్ లైను నా ఏరియా. నెలలో ఇంట్లో ఉండేది ఐదారు రోజులే. పాప రెండో తరగతి, బాబుకి మూడేళ్లు. లాడ్జిలో పడుకుంటే పిల్లలే గుర్తొస్తారు, నిద్ర పట్టదు. ఫోన్ చేస్తే బాబు రెండు నిమిషాలుండి బొమ్మల దగ్గరికి పోతాడు. మొన్న ఇంటికెళ్తే పాప నా ముందే వాళ్లమ్మని "నాన్న మళ్లీ ఎప్పుడెళ్తాడమ్మా?" అని అడిగింది, ప్రాణం ఉసూరుమంది. చదువు గురించి కాస్త గట్టిగా అడిగితే మా ఆవిడ "ఉన్న నాలుగు రోజులూ ఎందుకండీ" అంటుంది. చుట్టంలా వచ్చి వెళ్తున్నట్టుంది నా బతుకు. ఉద్యోగం మానేద్దామంటే ఇంటి లోను ఉంది. ఏం చెయ్యను?

జవాబు: తమ్ముడూ, ముందు పాప మాట సంగతి. ఎప్పుడెళ్తాడు అంటే తొందరగా పొమ్మని కాదు, ఇంకా ఎన్ని రోజులు ఉంటాడో తెలిస్తే ఆ రోజుల్లో ఏమేం చెయ్యాలో చూసుకుందామని. దానికి నీళ్లు నమలకుండా సూటిగా జవాబు చెప్పండి. గోడ మీద క్యాలెండర్ తీసి, వెళ్లే రోజు దగ్గర పాప చేతే పెన్నుతో గీత పెట్టించండి. తిరిగొచ్చే రోజు మాత్రం టికెట్ కన్ఫర్మ్ అయ్యేదాకా చెప్పొద్దు. "ఎల్లుండి వచ్చేస్తానమ్మా" అని చెప్పి, అక్కడ మిషన్ మొరాయించి మీరు మరో మూడు రోజులు ఆగిపోయారనుకోండి, రెండుసార్లు అలా జరిగితే మూడోసారి ఆ పిల్ల అడగడం మానేస్తుంది. అసలు బాధ అప్పుడు మొదలవుతుంది.

ఇక బాబు. మూడేళ్లవాడికి ఫోన్లో కబుర్లేం తెలుస్తాయి చెప్పండి? రోజూ "అన్నం తిన్నావా, బడికెళ్లావా, అల్లరి చేశావా" అని అడిగితే పెద్దవాళ్లకే విసుగొస్తుంది. ఫోన్‌ని అన్నం తినే చోట ఏ డబ్బాకో ఆనించి పెట్టమనండి, మీరూ లాడ్జిలో మీ రొట్టెలు ముందు పెట్టుకోండి. వాడు పోయి వస్తుంటాడు, మధ్యలో బొమ్మ తెచ్చి చూపిస్తాడు, అంతే చాలు. ఫ్యాక్టరీవాళ్లు ఒప్పుకుంటే మిషన్ టకటకా ప్యాకెట్లు కొట్టి, అంటించి, కోసి పడేసేది చిన్న వీడియో తీసి పంపండి. నాన్న ఏం పని చేస్తాడో చాలామంది పిల్లలకి తెలియదు. రాయగడ దాటాక కొండల్లో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుందని మీకు నేను చెప్పాలా, రాత్రి ఎనిమిదికి చేస్తానని చెప్పి ఆ టైముకి రైల్లో ఉండేలా ఉంటే రాయగడ ప్లాట్‌ఫాం మీదే మాట్లాడేయండి.

చుట్టం అన్న మాట మీరే అన్నారు కాబట్టి అడుగుతున్నాను, ఇంటి పనుల్లో మీ చేతిలో ఉన్నది ఏది? గ్యాస్ బుకింగ్, కరెంటు బిల్లు, స్కూలు ఫీజు, వ్యాను అబ్బాయితో గొడవ, ఇవన్నీ ఎక్కడున్నా ఫోన్లో అయిపోయేవే. ఇవాళే తీసుకోండి. పాప తీసివేతలు చేసిన పేజీ ఫొటో తీసి పంపమనండి, తప్పున్న లెక్క ఒక్కటే చెప్పండి, చేతిరాత జోలికి వెళ్లొద్దు. రోజూ చదువులో ఉంటే ఇంటికొచ్చిన రోజున పుస్తకాలన్నీ ముందేసుకుని ఇన్‌స్పెక్షన్ చెయ్యక్కర్లేదు. మీ ఆవిడ విసుక్కునేది దాని గురించే, ఆవిడ తప్పేం లేదు. కానీ ఆవిడకీ ఒక మాట. "మీ నాన్న రానీ, నీ పని చెప్తా" అని పిల్లల్ని బెదిరించే అలవాటుంటే మానుకోమ్మా. ఆ మాట వింటూ పెరిగిన పిల్లలకి నాన్న వస్తున్నాడంటే పోలీసు వస్తున్నట్టే.

ఇంకోటి, ఎవరూ పట్టించుకోనిది. మీరు లేనప్పుడు బాబు ఎక్కడ పడుకుంటాడు? వాళ్లమ్మ పక్కనే కదా. మీరొచ్చిన రాత్రి వాణ్ణి అటు జరుపుతారు. వాడి చోటు పోయింది, మీ మీద కోపం రాదా? మొదటి రెండు రాత్రులు మీరే గోడవైపు సర్దుకోండి. ఆవిడతో మాట్లాడుకోవడానికి ఒక సాయంత్రం పిల్లల్ని అమ్మమ్మ దగ్గర దింపి ఇద్దరే అయ్యకోనేరు గట్టు మీదకి వెళ్లండి. లోను సంగతులు ఆ పూటకి వద్దు.

ఉద్యోగం మానొద్దు. టెన్షన్లో తీసుకునే నిర్ణయం కాదది. మీ మేనేజర్‌ని విశాఖ, శ్రీకాకుళం వైపు ఏరియా మార్చమని అడగండి, నోటిమాటగా కాకుండా మెయిల్లో. మీ ఊరి పైడితల్లమ్మ జాతర, సిరిమానోత్సవం, దసరా తర్వాత వచ్చే మంగళవారమే కదా, ఏడాది మొదట్లోనే తేదీ తెలుస్తుంది, సెలవు అప్పుడే రాసిపెట్టండి. రైలు రిజర్వేషన్ ఇదివరకు 120 రోజుల ముందు తెరిచేవారు, 2024 నవంబర్ నుంచి 60 రోజులే. సంక్రాంతికి రావాలంటే నవంబర్ మధ్యలోనే కూర్చోవాలి. జనవరిలో వెయిటింగ్ లిస్టు చూసి ఏడిస్తే లాభం లేదు.

ప్రశ్న: మాది సోంపేట దగ్గర పల్లె. మా ఆయన అబుదాబిలో వెల్డరు. ఆయన డ్యూటీ దిగి ఫోన్ చేసేసరికి మా నాలుగేళ్ల బాబు నిద్రపోతాడు. "వీడు నన్ను మర్చిపోతున్నాడు" అని బాధపడతారు, ఒక్కోసారి నా మీద అరుస్తారు. వాట్సాప్ కాల్ కలవదు. రెండేళ్లదాకా సెలవు లేదంటున్నారు.

జవాబు: చెల్లీ, మీ వైపు ఉద్దానం పల్లెల్లో ఈ బాధ లేని వీధి లేదు. అక్కడ వాట్సాప్ మెసేజ్‌లు వెళ్తాయి, కాల్స్ మాత్రం అనుమతించరు. బోటిమ్ లాంటి అనుమతి ఉన్న యాప్ ఇద్దరూ వేసుకోండి. వాళ్ల టైము మనకంటే గంటన్నర వెనక. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడ రూలుంది. ఆయనది బయట పనైతే మనకి రెండు నుంచి నాలుగున్నర మధ్య దొరుకుతారు, బాబు అంగన్‌వాడీ నుంచి వచ్చి ఉంటాడు. మిగతా నెలల్లో బాబు మాటలు అప్పటికప్పుడు వాయిస్ మెసేజ్ పెట్టండి, "నాన్నా, బేగి వచ్చీ" అని వాడి గొంతు క్యాంపు బస్సులో వింటే ఆయన అరుపులు చాలావరకు తగ్గుతాయి.

సెలవు సంగతి మాత్రం ఆయన్నే ఒప్పంద పత్రం తీసి చదవమనండి. ఏడాది సర్వీసు నిండితే ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు అక్కడి కార్మిక చట్టంలోనే ఉంది. ఏ తేదీల్లో ఇవ్వాలో కంపెనీ చెప్పొచ్చు. రెండేళ్లకోసారి అన్నది చాలాచోట్ల కంపెనీ ఇచ్చే విమాన టికెట్ గురించి, ఆ రెండూ కలిపి చెప్పేస్తుంటారు. ఛార్జీ మనం పెట్టుకుంటే మధ్యలో రావచ్చేమో లెక్క వేసుకోండి.

ప్రశ్న: ఆమదాలవలస. ఒక ప్రైవేటు కంపెనీలో ట్రైనర్ని, వారంలో మూడు రాత్రులు బయటే. రెండేళ్ల పాపని అత్తయ్య చూస్తారు. నేను తిరిగొస్తే పాప నా దగ్గరికి రాకుండా మొహం తిప్పేసుకుంటుంది. చుట్టాలు "తల్లివేనా?" అంటున్నారు.

జవాబు: మీ ఆయన క్యాంపుకి వెళ్తే "తండ్రివేనా?" అని ఎవరైనా అడిగారా? అడగరు. ఆ చుట్టాలకి మజ్జిగిచ్చి పంపండి, జవాబు ఇవ్వక్కర్లేదు. పాప మొహం తిప్పుకోవడం అలకే, ఎత్తుకుని ముద్దులాడకుండా పక్కన కూర్చుని మీ బ్యాగు సర్దుకుంటూ ఉండండి, కాసేపట్లో అదే వచ్చి బ్యాగులో చెయ్యి పెడుతుంది. నిద్రపోతున్నప్పుడు చెప్పకుండా వెళ్లిపోవడం మాత్రం చెయ్యొద్దు. ఏడ్చినా సరే, చెప్పి వెళ్లండి. చెప్పకుండా పోతే ఆ తర్వాత మీరు స్నానానికి వెళ్లినా తలుపు దగ్గర కూర్చుంటుంది.

అత్తగారి గురించి ఉత్తరంలో ఒక్క మాటే రాశారు. రెండేళ్ల పిల్లని రాత్రీ పగలూ చూడటం ఆ వయసులో తేలిక కాదు. మీరు ఇంట్లో ఉన్న రోజుల్లో ఒక రోజు ఆవిడకి పూర్తిగా సెలవివ్వండి, ఆ రోజు వంట మీ ఆయన చేస్తారు.