ఏడాదిన్నర పిల్లలకు ఫోన్‌లో రైమ్స్ పెడితే మాటలు వస్తాయా?

దాదాపు రావు, ఆ వయసులో మాటలు ముఖ్యంగా వచ్చేది ఎదురుగా ఉన్న మనిషి తనతో మాట్లాడితేనే. పిల్లాడు ఏదో శబ్దం చేస్తాడు, అమ్మో నాన్నో వాడి చూపు ఎటుందో చూసి ఆ వస్తువు పేరు చెప్పి, మళ్లీ వాడు ఏమంటాడా అని ఆగుతారు, అలా మాటకీ వస్తువుకీ ముడి పడుతుంది. ఫోన్ మాత్రం వాడు చూసినా చూడకపోయినా పాడుకుంటూ పోతుంది. పటమట రైతుబజార్లో చంకలో పాప వంకాయల వైపు వేలు చూపించి "ఆ" అందనుకోండి, "వంకాయే తల్లీ, నున్నగా ఉంది, పట్టుకో" అని చేతిలో పెట్టండి. అంతే. రైమ్ మొత్తం అప్పజెప్తున్నాడు కదా అని చాలామంది మురిసిపోతారు, కానీ అందులోని మాటని అవసరానికి వాడలేకపోతే అది వాడికి ఇంకా వచ్చినట్టు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019లో ఏడాది వయసు పిల్లలకు స్క్రీన్ వద్దనే చెప్పింది. తెనాలిలో ఉన్న అమ్మమ్మతో వీడియో కాల్ వేరు, అక్కడ తిరిగి బదులిచ్చే మనిషి ఉంది.