అజ్మీర్ వెళ్తే దర్గా ఒక్కటేనా, చుట్టుపక్కల చూడాల్సిన పాత కట్టడాలు ఇంకేమైనా ఉన్నాయా?

ఉన్నాయి. కానీ ముందు దర్గానే తీరిగ్గా చూడండి. 1236లో కన్నుమూసిన సూఫీ గురువు ఖ్వాజా మొయినుద్దీన్ చిష్తీ సమాధి అది. మీరు లోపలికి అడుగుపెట్టే పెద్ద ద్వారం పేరు నిజాం గేట్. కట్టించింది మన హైదరాబాద్ ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. ఇంకా లోపలికి వెళ్తే వచ్చే ఎత్తైన ద్వారం బులంద్ దర్వాజా. దాన్ని దాటగానే అటూ ఇటూ రెండు భారీ డేగ్‌లు, అంటే వంట గంగాళాలు. పెద్దది అక్బర్ ఇచ్చాడు, చిన్నది జహంగీర్ ఇచ్చాడు. మెట్లెక్కి అంచు దగ్గర నిలబడి తొంగిచూడాలి. వండేది బియ్యం, నెయ్యి, చక్కెర, డ్రైఫ్రూట్స్ వేసిన తీపి అన్నం. మాంసం అస్సలు వేయరు. లోపలే షాజహాన్ కట్టించిన పాలరాతి మసీదు కూడా ఉంది.

అక్కణ్నుంచి నడిచివెళ్లేంత దూరంలోనే అఢాయీ దిన్ కా ఝోంప్‌డా. పేరుకు రెండున్నర రోజుల గుడిసె, నిజానికి 1190లలో కుతుబుద్దీన్ ఐబక్ మొదలుపెట్టిన మసీదు. పాత గుళ్ల స్తంభాలను ఒకదానిమీద ఒకటి నిలబెట్టి కప్పు ఎత్తారు. ముందున్న కమానుల గోడ ఇల్తుత్‌మిష్ కాలంది, దానిమీద చెక్కిన అరబిక్ అక్షరాలను దగ్గరికెళ్లి చూడండి. నా ఓటు దర్గా తర్వాత దీనికే.

సాయంత్రం ఆనాసాగర్ చెరువు గట్టున షాజహాన్ పాలరాతి మంటపాల్లో కూర్చోవచ్చు. ఓపికుంటే తారాగఢ్ కొండమీద మీరాన్ సాహెబ్ దర్గా ఉంది.

దర్గాలో తలకు రుమాలు తప్పనిసరి. ఉర్సు రోజుల్లో మాత్రం జనం తోపులాటలో ఇవేవీ సరిగ్గా చూడలేరు.