గులకరాళ్లు కొనేముందు: బుజ్జికి పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

మధురవాడ ఇంటి ఫోటోలు చూశాను. గుమ్మం పక్క జాగా, వెనక కుళాయి దగ్గర, బాల్కనీ, మేడ... అన్నిచోట్లా తెల్ల గులకరాళ్లు పోయిస్తానంటున్నావు. ఎన్ని బస్తాలు పడతాయని అడిగావుగా, ముందు ఆ లెక్క చెప్తాను. విన్నాక సగం నువ్వే తగ్గించుకుంటావు.

2 అంగుళాల మందం ఉంటేగానీ కింద మట్టి దాగదు. ఆ మందాన 25 కిలోల బస్తా మూడు, మూడున్నర చదరపు అడుగులకు మించి రాదు. గుమ్మం పక్క 10 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు జాగాకే తొమ్మిది బస్తాలు పడతాయి. బాల్కనీ సంగతి ఇక నువ్వే ఆలోచించుకో. బరువు అటుంచు, నీళ్లు పోయే జాలీకి నాలుగు రాళ్లూ రెండు ఎండుటాకులూ అడ్డం పడ్డాయంటే వాన నీళ్లు తిన్నగా హాల్లోకొస్తాయి. అక్కడ కుండీల మీద గుప్పెడేసి చాలు.

మేడ మీద మాత్రం అసలొద్దు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చిన రోజు, మా మేడ మీద నేను ముచ్చటపడి పరిచిన చిన్న రాళ్లు గాలికి లేచి ఎదురింటి కిటికీ అద్దం పగలగొట్టాయి. తుఫాను తగ్గాక మీ పెదనాన్న ఇంటింటికీ వెళ్లి సన్‌షేడ్ల మీద నుంచి మా రాళ్లు ఏరుకొచ్చారు. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడమే ఇప్పటికీ గుర్తుంది.

రాయి ఏదన్నది అసలు విషయం. కొట్లో ‘నేచురల్ స్టోన్’ అని తెల్లవి అంటగడతారు. వాటిలో పాలరాయి ముక్కలుంటాయి, పలుగురాళ్లూ ఉంటాయి. చూడ్డానికి రెండూ ఒకటే. చాకు మొనతో గట్టిగా గీసి చూడు. పాలరాయి మీద గీత పడుతుంది, పలుగురాయి మీద పడదు. ఆ గీత మీద నిమ్మరసం చుక్క వేస్తే పాలరాయైతే సన్నగా బుడగలొస్తాయి. ఈ పరీక్ష తెలియక నేను మా నూరువరహాల మొక్క మొదట్లో పాలరాయి ముక్కలు పోశాను. నీళ్లు పోసినప్పుడల్లా కొంచెం కొంచెం సున్నం మట్టిలోకి దిగింది. ఏడాది తిరక్కుండా లేతాకులు పసుపుపచ్చగా మారి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలాయి. మట్టిలో ఇనుమున్నా మొక్క తీసుకోలేకపోయిందన్నమాట. నూరువరహాలు, గార్డెనియా దగ్గర పలుగురాళ్లే వెయ్యి. రంగు వేసినవి ఎక్కడా వద్దు, రెండు వేసవులకే వెలిసిపోతాయి.

బీచ్‌లో ఏరుకొస్తానని కూడా రాశావు. పిల్లలు ఒకటో రెండో జేబులో వేసుకుంటే సరేగానీ, సంచులతో మోసుకురావడమేమిటి? ఒడ్డు ఇప్పటికే కోసుకుపోతోంది. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఒక్క రాయి కూడా కదపకు, అది కాపాడుకోవాల్సిన చోటు. ఆ జేబులోవి కుండీలో పెడితే ఉప్పు దిగుతుంది. వారం రోజులు మంచినీళ్లలో నానబెట్టి, రోజూ నీళ్లు మార్చు. ఆఖరి రోజు ఒకటి నాలిక్కి తగిలించి చూడు. నేనలాగే చూస్తాను, మీ పెదనాన్న నవ్వుతారు.

కుండీ అడుగున రాళ్లు వేస్తే నీరు బాగా దిగుతుందని మా అమ్మ వేసేది, నేనూ ముప్పై ఏళ్లు వేశాను. తీరా చూస్తే జరిగేది దానికి తలకిందులు. పై మట్టి తడిసి ముద్దయితేగానీ నీరు రాళ్లలోకి జారదు. రాళ్లెంత ఎత్తుంటే ఆ ముద్ద అంత పైకి, వేళ్ల దగ్గరికి వస్తుంది. చిల్లు మీద ఒక పెంకు ముక్క పెట్టు, చాలు.

నీ ఇంట్లో గులకరాళ్లకి సరైన చోటు వెనకాల ఉంది. సన్‌షేడ్ నీళ్లు ధారగా పడేచోట, కుళాయి కింద. ఇప్పుడక్కడ వానకి మట్టి చిమ్మి గోడంతా ఎర్ర మరకలు పట్టాయి, ఫోటోలో చూశాను. నాలుగంగుళాలు తవ్వించి, నర్సరీల్లో దొరికే వీడ్ మ్యాట్, అదే కలుపు మొలవకుండా పరిచే, నీరు దిగే గుడ్డ, పరిపించు. ప్లాస్టిక్ పట్టా వద్దు, నీరు దిగదు. మ్యాట్ మీద కింద నిమ్మకాయంతవి, పైన ఉసిరికాయంతవి వేయించు. బస్తాలోంచి తిన్నగా పోయకు. బకెట్‌లో వేసి కడిగితే మొదటి రెండుసార్లూ నీళ్లు పాలల్లే వస్తాయి. ఆ పిండి కిందికి దిగితే మ్యాట్ మూసుకుపోతుంది.

మీ ప్రహరీ పక్క బాదం చెట్టు కింద వేయకు. రాలిన ఆకులు రాళ్ల మధ్య నుంచి ఒక్కొక్కటీ చేత్తో ఏరుకోవాలి. కుండీల కింద రాళ్లు పోసి నీళ్లు నింపే పళ్లేలు పెడితే వారానికోసారి పూర్తిగా ఒంపేసి రుద్ది కడుగు, లేకపోతే డెంగ్యూ దోమల్ని నువ్వే పెంచినట్టు. పాప పాకుతోంది కాబట్టి లోపల గాజు గిన్నెల్లో రాళ్లు ఇంకో రెండేళ్లు ఆపు.

గుమ్మం పక్కకి తొమ్మిది బస్తాలు కాదు, మూడు కొను. మిగతా జాగాలో గడ్డి వెయ్యి. మధ్యలో పెట్టడానికి మా అమ్మ రుబ్బురోలు పంపిస్తాను, పొత్రంతో సహా. ఆదివారం ఆటోలో వస్తుంది. దింపడానికి ఇద్దరు మనుషుల్ని పిలిచి ఉంచు, అల్లుడుగారిని ఒక్కరినే ఎత్తనివ్వకు.

మీ పెద్దమ్మ